పెనుకొండ పట్టిక

సోమవారం పొద్దున పదకొండు గంటలకు చౌడక్క ఆఫీసు మెట్లెక్కి, తలుపు దగ్గర నిలబడి, “ఆ కొత్తయప్ప ఉండాడా?” అని అడిగింది. అడిగింది ఎవరిని? పద్నాలుగేళ్ళుగా అదే తలుపు పక్కన కూర్చుని ధర్మవరం నుంచి వచ్చిన ప్రతి రంగు పొట్లాన్నీ చేత్తో అందుకున్న ఆంజనేయుల్ని.

ఆయన పూర్తి పేరు సీతారామాంజనేయులు. అంత పేరూ జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా పలికేవాళ్ళు లేరు. హిందూపురంలో ఒక అద్దె ఇంట్లో నడిచే సర్కారు రంగుల పరీక్షాశాలలో అసిస్టెంటు. సీసాలు కడగడం మొదలు చీటీ రాసి ముద్ర కొట్టడం దాకా అన్నీ ఆయనే. ఆఫీసర్లు వచ్చారు, సంతకాలు పెట్టారు, బదిలీ చేయించుకుని పోయారు. ఆంజనేయులు ఉండిపోయాడు. అద్దకం పనివాళ్ళు ఆయన్ను “అన్నా” అని పిలిచి, నమస్కారం పెట్టి, “నువ్వే చూసి చెప్పల్ల” అనేవాళ్ళు. ఆ మాట మీదే ఆయన పద్నాలుగేళ్ళు బతికాడంటే అబద్ధం కాదు.

నాలుగు నెలల కిందట జయరాముడు వచ్చాడు. తలుపుల అనే ఊరి పక్క సేద్యగాళ్ళ బిడ్డ, ఇరవయ్యారేళ్ళవాడు, తిరుపతిలో ఎమ్మెస్సీ చదివాడు. వచ్చిన వారంలోనే బీరువా పై అరలో ఉన్న ఇత్తడి గొట్టాన్ని దింపించాడు. స్పెక్ట్రోస్కోపు అంటారు దాన్ని. రంగు కలిపిన నీళ్ళను గాజు గొట్టంలో పోసి, వెనక దీపం పెట్టి అందులోంచి చూస్తే వెలుగు ఇంద్రధనుస్సులా విడిపోయి కనిపిస్తుంది. ఆ రంగు మింగేసిన చోట్ల నల్లగీతలు పడతాయి. పక్కనే సున్నా నుంచి నూరు దాకా కొలత ఉంటుంది. ఏ రంగు గీతలు ఆ రంగువే, ఒకదానివి ఇంకొకదానికి రావు.

ఆ గొట్టాన్ని ఇన్నేళ్ళూ పాత ధోవతి ముక్కతో తుడిచి దాచింది ఆంజనేయులు. నువ్వొకసారి చూడవయ్యా అని ఒక్క ఆఫీసరూ అనలేదు, తనంతట తాను చూసే ధైర్యం ఈయనకు రాలేదు. ఈ కుర్రాడు వచ్చీరాగానే కన్నుపెట్టాడు, ధర్మవరం దాకా పేరు మోగిపోయింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా!

“ఉండాడులే. ఏం పని?” అన్నాడు ఆంజనేయులు, చేతిలో సీసా దించకుండా.

“నా బతుకంతా ఈ డబ్బాలో ఉండాదన్నా” అని చౌడక్క కొంగు కిందనుంచి రేకు డబ్బా, ఒక చీర ముక్క తీసి బల్ల మీద పెట్టింది. మోచేతుల దాకా ఎరుపు పట్టిన చేతులు. మొగుడు పోయాక పదేళ్ళుగా ఆ చేతులతోనే పట్టు ఉడకేసి, రంగు వేసి, అత్తనూ ఇద్దరు ఆడపిల్లలనూ సాకుతోంది. చీర ముక్క పసుపు వన్నె, ఎర్ర అంచు. అంచులోని ఎరుపు పసుపు మీదికి పాకి, పుండు మానిన మచ్చలా కనిపిస్తోంది.

“ఎనిమిది పెండ్లి చీరలన్నా. ఉతికిండ్లేదు, నానబెట్టిండ్లేదు. నాలుగు తుంపర్లు పడితేనే ఇట్లయినాది. రంగు హనుమంతరాయుడి అంగట్లో కొన్నా. కంపెనీ ఎరుపే ఇచ్చినా, నువ్వే యాసిడ్ సరిగ్గా పొయ్యలేదంటాడు. శుక్రవారం వర్తకుల సంఘంలో పంచాయితీ. తప్పు నాదే అని తేలిస్తే ఊర్లో ఒక్కరన్నా నాకు పట్టు ఇస్తారా? రంగు కాగులు బోర్లించుకోవాల్సిందే.”

ఆంజనేయులు డబ్బా మూత తీశాడు. అడుగున చారెడు పొడి ఉంది. వాసన చూశాడు, చిటికెడు తడి కాగితం మీద వేశాడు. ఏదో అనబోయేంతలో లోపలి గదిలోంచి జయరాముడు బయటికి వచ్చి, “రాక్కా, నిలబడే ఉండావే? కుర్చీలో కూర్చో” అన్నాడు. చౌడక్క ముఖం విప్పారింది. డబ్బా ఆంజనేయులు చేతిలోంచి ఆమే తీసుకుని లోపలికి పోయింది.

ఆ డబ్బా తీసుకున్న తీరు చూడండి, బిందె అడ్డం ఉంటే పక్కకు జరిపినట్టు!

మంగళవారం పరీక్ష. “ఆంజనేయులు గారూ, ఉప్పు దీపం పెట్టండి” అన్నాడు జయరాముడు. ఆయన స్పిరిటు దీపం ఒత్తికి ఉప్పు అద్ది వెలిగించి గొట్టం ముందు పట్టుకున్నాడు. ఉప్పు మంటకు ఒకే ఒక పసుపుపచ్చ గీత కనిపిస్తుంది, అది ఎక్కడ చూసినా మారదు. కొలతను దానితో సరిచూసుకున్నాకే పని మొదలు. జయరాముడు మర తిప్పి ఆ గీతను అరవై మీద నిలిపాడు. తరవాత చౌడక్క రంగు నీళ్ళు పెట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.

“రాసుకోండి. మొదటి గీత డెబ్బై రెండు. రెండోది ఎనభై నాలుగు.”

ఆంజనేయులు రాశాడు. జయరాముడు కన్ను నులుముకుంటూ లేచాడు.

“నాకైతే ఇది కంపెనీ ఎరుపు కాదనే అనిపిస్తాది. చౌడక్క చెప్పేది నిజమే. అయితే అనిపిస్తే చాలదు గదా. ఏ రంగుకు ఏ అంకెల మీద గీతలు పడతాయో చెప్పే పట్టిక కావల్ల. మన దగ్గర గొట్టముండాది గానీ పట్టిక లేదు. బెంగుళూరుకు రాస్తే మూడు వారాలు. ఈ పక్కల యాడన్నా ఉండాదా, మీకేమన్నా తెలుసా?”

తెలుసు. ఆంజనేయులుకు తెలియకపోవడమేమిటి! యుద్ధానికి ముందు జర్మనీ రంగులు అమ్మిన ఏజెంటు రామమూర్తిది పెనుకొండ. ఆయనకూ ఇట్లాంటి గొట్టమే ఉండేది, అదే కంపెనీది. తను అమ్మిన ప్రతి రంగునూ అందులో చూసి, గీతల అంకెలు ఒక నోటు పుస్తకంలో ఎక్కించాడు. చనిపోక ముందు ఒకసారి ఈ ఆఫీసుకు వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపించి, అవసరమైతే ఇంటికి రమ్మన్నాడు కూడా. ఆ మాట విన్నది ఆంజనేయులు ఒక్కడే.

చెప్తే ఏమవుతుంది? జయరాముడు జీపులో పోయి తెచ్చుకుంటాడు. సర్టిఫికెట్ మీద జయరాముడి సంతకం పడుతుంది. ధర్మవరమంతా, ఆ కొత్తయప్ప ఉండబట్టి సరిపోయింది అంటుంది. పద్నాలుగేళ్ళు ఈయన దాచుకున్న ఒక్క ముక్కా అట్లా చేతులు మారిపోతుంది.

“లేదు సార్. ఈ పల్లెటూర్లలో యాడ ఉంటాది?” అన్నాడు. తడుముకోకుండా అన్నాడు. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది.

బుధవారం కడుపులో బాగాలేదని సెలవు చీటీ పంపి పెనుకొండ రైలెక్కాడు. చౌడక్కకు అన్యాయం చేయాలని ఆయనకు లేదు, ఆ సంగతి మనమూ ఒప్పుకోవాలి. ఆమె పని జరగాలి, అయితే అది తన చేత్తో జరగాలి. పంచాయితీలో తాను లేచి నిలబడాలి, తాను చెప్పాలి, జయరాముడు ఆ తరవాత వినాలి. అంతే ఆయన కోరిక. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటలన్నీ మనసులో రెండుమూడుసార్లు చెప్పుకున్నాడు.

రామమూర్తి భార్య పద్మావతమ్మ చాపమీద ఉలవలు చెరుగుతోంది. ఆంజనేయుల్ని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“మా ఇంటాయన పుస్తకమా? ఆరేండ్లయినాది నాయనా, దాన్ని అడిగినోళ్ళే లేరు” అని చాట పక్కనపెట్టి లేచింది. పెట్టె అడుగు నుంచి నల్ల అట్ట పుస్తకం తీసి, కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది. “ఆఫీసు పనికేనా?”

“ఆఫీసు పనికేనమ్మా.”

“అయితే తీసుకపో. ఎవురికన్నా పనికొస్తే ఆయనకూ సంతోషమే. మజ్జిగ తాగి పో, ఎండ చూడు ఎట్లుండాదో.”

మజ్జిగ తాగాడో లేదో, జట్కా ఎక్కి స్టేషనుకు వచ్చేశాడు. రైలు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. మొదటి పుటలన్నీ రామమూర్తి తన గొట్టం గురించి రాసుకున్న సన్న అక్షరాలు. అవి ఎవరికి కావాలి? తిప్పేసి పట్టికకు పోయాడు. ఎరుపుల వరస మీద వేలు పెట్టి దించుకుంటూ వచ్చాడు. డెబ్బై రెండు దొరికింది. కంపెనీ ఎరుపు. రెండో గీత ఎనభై మూడు అని ఉంది.

ఎనభై నాలుగు కావాల్సింది, ఎనభై మూడు ఉంది. ఒక్క అంకె! పెద్ద తేడానా? చూసేవాడి కన్ను అదిరితే ఒక్క అంకె ఇటూ అటూ కాదా? అందులోనూ చూసింది ఎవరు, నాలుగు నెలల కిందట వచ్చినవాడు. అంటే రంగు అసలుదే. హనుమంతరాయుడు చెప్పిందే నిజం. జయరాముడికి అనిపించింది తప్పు!

ఆంజనేయులు ఒళ్ళంతా సంతోషంతో వేడెక్కింది. ఎమ్మెస్సీ తప్పు, ఇత్తడి గొట్టంలో కన్నుపెట్టిన మొనగాడు తప్పు. చౌడక్క గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. పాపం అనుకున్నాడు కూడా. అయితే నిజం నిజమే కదా, దానికి తానేం చేస్తాడు? అనుకుని పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. పాపం అనుకున్నవాడు ఆ ఒక్క అంకె తేడాను ఇంకోసారి చూసి ఉండాల్సింది. చూడలేదు.

గురువారం ఆఫీసులో జయరాముడు కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. తన డబ్బుతో బెంగుళూరుకు తంతి కొట్టాడు, జవాబు రాలేదు. సాయంత్రం ఒక ఉత్తరం రాసి ఆంజనేయులుకిచ్చాడు.

“రేపు ధర్మవరం పోయి సంఘం పెద్ద గంగాధరప్పకు ఇవ్వండి. మూడు వారాలు గడువు అడిగినా. మీరు పోతేనే బాగుంటాది, వాళ్ళు మీ మాట వింటారు.”

మామూలుగా అయితే ఆ మాటకు ఆంజనేయులు కరిగిపోవాలి. ఆ రోజు మాత్రం, నన్ను జవానును చేసి పంపుతున్నాడు అనుకున్నాడు. ఓర్వలేనివాడికి పాయసం పెట్టినా చేదే.

సంఘం భవనంలో పెద్ద చాపలు పరిచారు. ముప్పైమంది దాకా వర్తకులు, మగ్గాల యజమానులు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. తలుపు దగ్గర చౌడక్క, ఆమెకు తోడుగా ఓబులమ్మ అనే నేతగాళ్ళ ముసలామె. గంగాధరప్ప ఉత్తరం చదివి కళ్ళద్దాలు తీశాడు.

“మూడు వారాలు గడువు కావల్లంట.”

“అంతదాకా శ్రావణం పెండ్లిళ్ళు ఆగుతాయా?” అని నవ్వాడు హనుమంతరాయుడు. “మాసిన చీరలు ఎవురు కట్టుకుంటారు? ఆ గొట్టాల్లో చూసేవి, తంతులు కొట్టేవి మనకొద్దప్పా. ఆమె ఉడకేసేది సరిగ్గా లేదు. అంతే కత.”

ఆంజనేయులు లేచి నిలబడ్డాడు. “గడువు అక్కరలేదు. పట్టిక నా దగ్గరుండాది.”

ముప్పై తలలు ఇటు తిరిగాయి. ఎన్నేళ్ళ తరవాత! ఆయన సంచిలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి పైకి పట్టుకున్నాడు. గొంతు ఆయనదేనా అన్నంత గట్టిగా వచ్చింది. “మా ఆఫీసులో చూసిన గీత డెబ్బై రెండు. ఈడ పట్టికలో డెబ్బై రెండుకు కంపెనీ ఎరుపు అని ఉండాది. రంగు అసలుదే.”

హనుమంతరాయుడు తొడ చరిచాడు. “చెప్పలేదా నేను!”

“అన్నా, నువ్వేనా చెప్పేది?” అంది చౌడక్క. గట్టిగా కూడా అనలేదు.

ఆంజనేయులు ఆమె వైపు చూడలేదు. గుమాస్తా తీర్మానం రాయడానికి కాగితం తీశాడు. “ఎవురి పుస్తకమది? పేరు రాసుకోవల్ల గదా” అన్నాడు గంగాధరప్ప. “పెనుకొండ రామమూర్తి గారిది. ఈడ ఆయన చేవ్రాలుండాది చూడండి” అని ఆంజనేయులు గర్వంగా మొదటి పుట తెరిచాడు.

చేవ్రాలుంది. దాని కింద సన్న అక్షరాల్లో ఒక వరస ఉంది. “నా కొలతలో ఉప్పు గీత యాభై మీద నిలిపి చూసినవి.”

యాభై. ఆఫీసులో నిలిపింది అరవై మీద. ఉప్పు దీపం పట్టుకున్నది తానే. అంటే ఈ పట్టికతో పోల్చాలంటే ఆఫీసు అంకెల్లోంచి పది తీసెయ్యాలి. డెబ్బై రెండు కాదు, అరవై రెండు. ఎనభై నాలుగు కాదు, డెబ్బై నాలుగు. వేళ్ళు వాటంతట అవే పుటలు తిప్పాయి. అరవై రెండు, డెబ్బై నాలుగు. రెండూ అక్షరాలా ఉన్నాయి. “కాగితాలకు వేసే ఎరుపు. పట్టుకు నిలవదు.”

ఆంజనేయులు తలెత్తాడు. చుట్టూ చూశాడు. గుమాస్తా రాస్తున్నాడు. ఆ గదిలో ఈ అంకెల అర్థం తెలిసినవాడు ఇంకొకడు లేడు. సంచిలో పెట్టుకుని పోతే పద్మావతమ్మ పెట్టె అడుగుకు పోతుంది, ఇంకో ఆరేళ్ళు దాన్ని అడిగేవాడుండడు. లేచి, తప్పు చదివానంటే? ఇప్పుడే తన వైపు తిరిగిన ముప్పై తలలు నవ్వుతాయి. ఇంక జన్మలో ఎవరూ ఆయన చేతికి ఒక పొట్లం ఇవ్వరు. అన్నిటికన్నా ఘోరం, జయరాముడు చెప్పిందే నిజమని తన నోటితో తానే చెప్పాలి. ఆ పని కన్నా నిప్పు మింగడం తేలిక అనిపించింది ఆయనకు.

చౌడక్క ఏడవలేదు. లేచి కొంగు బిగించుకుని, గోడల పక్కనున్న యజమానుల్ని ఒక్కొక్కర్నీ చూసింది.

“మీ పట్టు దారం లడీలు నా ఇంట్లో పద్నాలుగుండాయి. ఎనిమిది ఆరినాయి, ఇప్పుడే వచ్చి తీసుకపోండి. ఆరు తడిమీద ఉండాయి. తడివి చుడితే పాడైపోతాయి, రేపు మధ్యాహ్నందాకా నా దండెం మీదనే ఉండనీయండి. అంతే నేనడిగేది.”

అదీ ఆమె పని ధర్మం! బతుకు పోతుంటే కూడా తడి పట్టు చుడితే పాడైపోతుందని చూసుకుంటోంది.

“రాయొద్దు” అన్నాడు ఆంజనేయులు. ఎవరికీ వినబడలేదు. “ఓ అబ్బా, ఆ కాగితం రాయొద్దు! నేను తప్పు చదివినా.”

గుమాస్తా కలం ఆగింది.

“వాళ్ళ కొలత వేరు, మా కొలత వేరు. పది అంకెలు తగ్గించి చూడల్ల. చూడకుండా చెప్పినా. తగ్గిస్తే రెండు గీతలూ కాగితాల ఎరుపుకు సరిగ్గా కలుస్తాయి. గాలిపటాలకేసే రంగు అది. కంపెనీ ఎరుపుకు రెండో గీత కలవలేదు. కలవలేదని మొన్ననే చూసినా. చూసి గూడా ఒదిలేసినా.”

హనుమంతరాయుడు ఎగిరిపడ్డాడు. “ఏమప్పా, గడియకో మాటనా? సీసాలు కడిగేటోనికి పుస్తకమిస్తే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే!” గోడల పొడుగునా నవ్వులు లేచాయి. ఆంజనేయులు చెవులు కాలిపోయాయి, అయినా కూర్చోలేదు.

గంగాధరప్ప చెయ్యెత్తి నవ్వులు ఆపాడు. “మొదట అసలుదన్నావు, ఇప్పుడు నకిలీ అంటాండావు. ఏది నమ్మల్లబ్బా మేము?”

“ఇప్పుడు చెప్పేదే నమ్మండి” అంది చౌడక్క తలుపు దగ్గరనుంచి. “ఇన్నేండ్లుగా ఈ సంఘానికి వస్తాండా. తప్పు నాదే అని ఒప్పుకున్నోణ్ణి ఈడ ఒక్కణ్ణి చూడలేదు. ఈయప్ప నలుగుర్లో అన్నాడు. నాకు ఈయప్ప మాట చాలు. ఈయప్పనే చూసి రాసియ్యమనండి.”

ఓబులమ్మ తలూపింది. గోడ పక్కన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు కూడా, అదీ నిజమే అన్నారు. అయ్యో రాత! ఏ మాట కోసం మంగళవారం అబద్ధమాడాడో, బుధవారం పెనుకొండ పోయాడో, ఆ మాట ఇప్పుడు కోరకుండా వచ్చి ముందు నిలబడింది. తీసుకుంటే తనదే. జయరాముడి పేరు కూడా ఎత్తనక్కర లేదు.

ఆంజనేయులు పుస్తకం మూశాడు.

“వద్దక్కా. నా కంటికి నేను కోరుకున్నదే కనపడింది. మా సార్ చూడల్ల, సార్ సంతకం పెట్టల్ల. గంగాధరప్పా, మూడు వారాలొద్దు. రేపు సాయంత్రం రైలుకు కాగితం తెస్తా. అంతదాకా ఈమె దండెం మీద చెయ్యి వేయొద్దని చెప్పండి.”

గంగాధరప్ప ఒప్పుకున్నాడు. హనుమంతరాయుడు మాత్రం నవ్వడం మానేసి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

శనివారం పొద్దున జయరాముడు వచ్చేసరికి నల్ల అట్ట పుస్తకం అతని బల్ల మీద ఉంది. ఆంజనేయులు పక్కన నిలబడి ధర్మవరంలో జరిగింది వరసగా చెప్పాడు. ఏదీ మింగలేదు. జయరాముడు మొదటి పుట నుంచి మొదలుపెట్టి చదివాడు. మళ్ళీ దీపం వెలిగింది. ఈసారి ఉప్పు గీతను యాభై మీద నిలిపాడు. రంగు నీళ్ళు కొత్తగా కలిపి పెట్టాడు.

“అరవై రెండు” అన్నాడు. కాసేపాగి, “డెబ్బై నాలుగు” అన్నాడు.

ఆంజనేయులు రాశాడు. సర్టిఫికెట్ కూడా తన గుండ్రటి అక్షరాలతో ఆయనే రాసి ముందు పెట్టాడు. జయరాముడు కలం తీశాడు గానీ సంతకం పెట్టలేదు.

“మంగళవారం నేనడిగినప్పుడు ఇది యాడుండాదో మీకు తెలుసు గదా?”

“తెలుసు సార్.”

“నిన్న ఆ పుట తెరవకుంటే ఆమె గతేంది? ఇద్దరు ఆడపిల్లలు, ముసలామె. రోడ్డున పడేవాళ్ళు గదా!” జయరాముడికి అంత కోపం రావడం ఆంజనేయులు ఎప్పుడూ చూడలేదు. “ఎందుకు లేదన్నారు?”

ఆంజనేయులు గోడ వైపు చూడలేదు, నేల వైపు చూడలేదు. ఆ కుర్రాడి ముఖంలోకే చూశాడు.

“మీ మీద ఓర్వలేక సార్.”

జయరాముడు కలం బల్ల మీద పెట్టాడు. ఇట్లాంటి జవాబుకు ఏం చెప్పాలో ఎమ్మెస్సీలో నేర్పలేదు. చివరికి, “ఇప్పుడో?” అన్నాడు.

“ఇప్పుడూ అంతే సార్” అన్నాడు ఆంజనేయులు, సర్టిఫికెట్‌ను అతని చేతి కిందికి జరిపి. “రైలుకు టైమయితాండాది, సంతకం పెట్టండి.”